ఊరు మార్చిన వేలు

2023 వానాకాలం. భద్రాచలం వైపు అడవి అంచున ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా నాకు అప్పటికి పంతొమ్మిదేళ్ల సర్వీసు. గూడేల నుంచి జ్వరం స్లైడ్లు వస్తాయి. స్లైడంటే వేలికి సూది గుచ్చి తీసిన రక్తపు చుక్కను పరిచిన గాజుపలక. దాన్ని మైక్రోస్కోప్ కింద చూసి, మలేరియా ఉంటే పాజిటివ్ అని ముందు రిజిస్టర్‌లో, తర్వాత కంప్యూటర్‌లో ఎక్కించాలి. వెంటనే ఆ ఊరి ఆరోగ్య కార్యకర్తకు కబురు వెళ్తుంది. ఆమె వెళ్లి చుట్టుపక్కల ఇళ్లవాళ్లకూ రక్తపరీక్ష చేయాలి.

రామన్నగుంపు అనే ఊరు చూసే ఆరోగ్య కార్యకర్త సారమ్మ ఒకరోజు చేతిలో మెమోతో వచ్చింది. ఆ ఊళ్లో నలుగురికి పాజిటివ్ వచ్చినా ఆమె వెళ్లలేదని, సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. నెలాఖరుకు రెన్యువల్. మెమో ఉంటే రెన్యువల్ ఉండదు.

“నా ఊర్ల జ్వరమొస్తే నాకు తెల్వదా సార్? ఒక్క మనిషి గూడ పండలే. కబురొచ్చినప్పుడు చూసిన, ఆ పేర్లోళ్లే మా ఊర్ల లేరు.”

నేను తెర వైపు చూసి, “కంప్యూటర్ల ఉంది సారమ్మా. కంప్యూటర్ అబద్ధం చెప్తదా?” అన్నాను.

“రిజిస్టర్ తియ్యుండ్రి.”

తీశాను. నా చేతిరాతే. నలుగురిదీ రాళ్లగుంపు. వాగు అవతల, మండలానికి ఇంకో కొసన ఉంటుంది. వాళ్లు ఆసుపత్రికే వచ్చి మందులు తీసుకెళ్లారు కాబట్టి వాళ్లకు నష్టం జరగలేదు. కంప్యూటర్‌లో మాత్రం రామన్నగుంపు అని ఉంది.

సాఫ్ట్‌వేర్ దానంతటదే ఊరు మారుస్తోందని పై ఆఫీసుకు రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. ఏడు ఉత్తరాలు. అన్నిటి కాపీలూ నా దగ్గరున్నాయి. సమీక్షా సమావేశంలో నిలబడి అడిగితే అధికారి, “ఏంది దాసూ, సాఫ్ట్‌వేర్‌కు దయ్యం పట్టిందా? రిజిస్టరే తర్వాత దిద్దినవేమో!” అన్నారు. అందరూ నవ్వారు. ఎవరు ఏ కుర్చీలో కూర్చుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఆ నెల చివరి వారంలో హైదరాబాద్ నుంచి నీలిమ అనే అమ్మాయి వచ్చింది. సాఫ్ట్‌వేర్ కొత్తగా మార్చేముందు యూజర్ టెస్టింగ్ చేస్తారట. అంటే, పనిచేసే మనిషి పక్కన కూర్చుని అతను ఎలా వాడుతున్నాడో గమనించడం. నా ఉత్తరాల ఫైలు ముందు పెట్టాను. తెరవలేదు. “ఇవి తర్వాత చదువుతా సార్. మీరు రోజూ ఎట్ల చేస్తరో అట్లనే చెయ్యండి. నాకేం చెప్పొద్దు.” ఇన్నాళ్లకు వినడానికి ఒక మనిషి వస్తే ఆమె కూడా నోరు మూసుకోమంది. అదీ మనసులో రాసుకున్నాను.

సారమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. నేను రిజిస్టర్ చూస్తూ ఎక్కించసాగాను. అరగంట దాకా నీలిమ పలకలేదు. ఫోన్‌ను చిన్న స్టాండుకు బిగించి వీడియో తీస్తోంది. తెరను కాదు, నా కుడిచేతిని. నాకు ఒళ్లు మండింది.

“సార్, మీరు ఎక్కించిన ఆరోది ఏ ఊరు?”

“రాళ్లగుంపు.”

“తెర మీద చూడండి.”

రామన్నగుంపు.

“చూసినవా! నేను మొత్తుకునేది అదే గదా!” అని లేచాను. ఆమె ఫోన్ నా ముందు పెట్టింది. “ఇప్పుడు మీ చెయ్యి చూడండి.”

చూశాను. ఊళ్ల జాబితాలో రాళ్లగుంపు ఎంచుకున్నాను. నా కళ్లు రిజిస్టర్ మీదికి పోయాయి. బాణం గుర్తు ఇంకా ఊరి గడి మీదే ఉంది. పేజీ కిందికి జరపడానికి చూపుడువేలు మౌస్ చక్రాన్ని ఒక్క మెట్టు తిప్పింది, ఆగింది. పేజీ కదలలేదు, ఊరు కదిలింది. ఇంగ్లిషు అక్షరాల వరుసలో రాళ్లగుంపు కిందే రామన్నగుంపు.

ఆ తిప్పడం నాకు బాగా తెలుసు. మైక్రోస్కోప్‌లో పరాన్నజీవి స్పష్టంగా కనపడేదాకా ఫోకస్ మరను కొద్దిగా తిప్పి ఆగి చూస్తాం. పంతొమ్మిదేళ్లు తిప్పిన వేలు మౌస్ మీద కూడా అదే చేస్తోంది. నా వేలు అలా చేస్తుందని నాకే తెలియదు. ఏడు ఉత్తరాల్లో నేను పట్టుకోలేనిదాన్ని ఈ అమ్మాయి అరగంట మాట్లాడకుండా కూర్చుని పట్టుకుంది. వీడియో మళ్లీ మళ్లీ పెట్టించుకున్నాను. మొదటిసారి స్లైడు మీద మలేరియా క్రిమిని చూసిననాడు కూడా ఇలాగే కళ్లు తిప్పుకోలేకపోయాను.

“అంటే తప్పు నాదా?”

“కాదు సార్. అట్ల తిప్పితే ఊరు మారకుండ చేయాల్సింది మేము. ముందే వచ్చి చూడాల్సింది.”

ఊరు ఎంచుకోగానే ఆ గడి బిగుసుకుపోయేటట్టు, సేవ్ చేసేముందు ఊరిపేరు పెద్ద తెలుగు అక్షరాల్లో కనపడేటట్టు మారుస్తామంది. కానీ అందుకు నెలలు పడుతుంది. సారమ్మకు మిగిలింది నాలుగు రోజులు.

ఎనిమిదో ఉత్తరం రాశాను. మొదటి ఏడూ ‘సాఫ్ట్‌వేర్ ఊరు మారుస్తోంది’ అని మొదలయ్యాయి. ఇది ‘చక్రం తిప్పిన వేలు నాది, సారమ్మ తప్పేమీ లేదు’ అని మొదలైంది. వీడియో పెన్‌డ్రైవ్‌లో జతచేసి స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాను. మెమో రద్దయింది, రెన్యువల్ వచ్చింది. అధికారి ఫోన్ చేసి, “దయ్యం దొరికిందంట గదా!” అన్నారు. దాన్ని కూడా మర్చిపోలేదు.

మరుసటి వారం సారమ్మ స్లైడ్లు తెచ్చింది. “ఆ రోజు కంప్యూటర్ అబద్ధం చెప్తదా అన్న. అనకుండ ఉండాల్సింది” అన్నాను.

“అన్నరు సార్. ఇంటికి పొయ్యి ఏడ్చిన. ఇగ స్లైడ్లు తీస్కోండ్రి, నాకు బస్సున్నది.”

ఎవరెవరు నన్ను ఏమన్నారో వరుసగా చెప్పగలిగే నేను, నేనన్న మాటను ఆమె మనసులో అంతగా మోసిందని ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు ఎవరైనా పనిలో తప్పు వచ్చింది అంటే తెర వైపు చూడను. “చేసి చూపించు” అని పక్కన కుర్చీ వేసుకుంటాను. మాట్లాడకుండా కూర్చోవడం నాకు చాలా కష్టం, అయినా కూర్చుంటాను. సాఫ్ట్‌వేర్ మారి ఏడాది దాటింది. సారమ్మ మాత్రం నేను సేవ్ చేసేదాకా కదలదు. నా భుజం మీదుగా వంగి ఊరిపేరు చదువుకుని, అప్పుడు బస్సుకు పోతుంది.