పిడి మీద పళ్లగాట్లు

మా బావ ఇళ్లల్లో ట్రెడ్‌మిల్లులు బాగుచేస్తాడు. అక్క మొగుడు కాబట్టి పొగుడుతున్నాననుకునేరు. ఆయన వెంట సంచి మోస్తూ పదకొండేళ్లుగా తిట్లు తింటున్నవాణ్ణి, నాకంత సరదా లేదు. అయినా ఉన్నమాట చెప్పాలి. ఈ పనిలో ఆయన ఆస్తంతా చెవే. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను మోటారుకు ఆనించి, చెక్కపిడిని చెవికి పెట్టుకుని, చెయ్యెత్తి అందరి నోళ్లూ మూయించేవాడు. మరుక్షణం జబ్బేమిటో తేల్చేసేవాడు. విడిభాగాల షాపులవాళ్లు ఆయన్ని ‘చెవులాయన’ అంటారు. ఆ పేరంటే ఆయనకు మహా మురిపెం.

రెండేళ్ల కిందట పిడిని చెవికి పెట్టడం మానేసి పళ్ల మధ్య కరిచిపట్టుకోవడం మొదలుపెట్టాడు.

“ఏంటి బావా, అక్క పొద్దున టిఫిన్ పెట్టలేదా?” అని ఆటపట్టించాను.

“దవడ ఎముకలోంచి అయితే చప్పుడు ఇంకా బాగా తెలుస్తుందిరా. నీకేం తెలుసు, సంచి సర్దు” అన్నాడు.

కొత్త విద్య కాబోలనుకున్నాను. ఆ తరవాత ఒక్కొక్కటే కంటబడసాగింది. వెనకనుంచి పిలిస్తే పలకడు. టీవీ పక్కింటికి కూడా సరిపడా పెడతాడు. జేబులో ఫోను మోగుతున్నా నేను చెప్పేదాకా తీయడు. అన్నీ చూశాను, చూసి ఊరుకున్నాను. ఎదురుగా నిలబడి “నీకు చెవుడొచ్చింది బావా” అనే గుండె నాకెక్కడిది? అక్క చెవిన కూడా వేయలేదు.

పోయిన నెల ఒక టీచరమ్మ ఇంటికి వెళ్లాం. మూడో అంతస్తు. ఆవిడ భర్తకు గుండె ఆపరేషనై నాలుగు నెలలయింది. రోజూ అరగంట నడవాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పాడట. మెట్లు దిగి ఎక్కే ఓపిక ఆయనకు లేదు, ఉన్నది ఆ మిషనే. దాని మోతకేమో కింది ఇంటివాళ్లు కర్రతో కప్పు పొడుస్తున్నారు. తప్పంతా తనదే అన్నట్టు పెద్దాయన సోఫా అంచున ఒదిగి కూర్చున్నాడు.

బావ పిడి కరిచిపట్టి, “మోటారు బేరింగు” అన్నాడు. నిజమే, అది పోయింది. మధ్యాహ్నానికల్లా కొత్తది వేసి, మూత బిగించి, మిషన్ నడిపించాడు. మోత ఆగిపోయింది. కానీ ఇన్నాళ్లూ దాని కింద అణిగి ఉన్న ఇంకో చప్పుడు బయటపడింది. సన్నగా, కీచుమంటూ.

“ఇంకా ఏదో కీచుమంటోంది బాబూ” అంది టీచరమ్మ.

“ఏం లేదమ్మా. ఇన్నాళ్లు ఆ మోత వినీ వినీ మీకలా అనిపిస్తోంది” అని బావ కొట్టిపారేశాడు.

ఆవిడ నావైపు తిరిగింది. “నీకూ వినపడట్లేదా?”

నాకు శుభ్రంగా వినపడింది. మనం నడిచే పట్టాను తిప్పే ముందు రోలరు బేరింగు అది, ఎండిపోయి ఏడుస్తోంది. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ బావ ధీమాగా నావైపే చూస్తున్నాడు.

“కొత్త బేరింగు కదండీ, రెండ్రోజుల్లో సర్దుకుంటుంది” అన్నాను. నా నోరు పడిపోయినా బాగుండేది.

నాలుగో రోజు టీచరమ్మ ఫోను చేసింది. రోలరు పట్టేసింది. పట్టా ఉన్నపళంగా ఆగిపోయి పెద్దాయన ముందుకు పడ్డాడు. మణికట్టు విరిగింది.

మేం వెళ్లేసరికి ఆయన చేతికి కట్టుతో అదే సోఫాలో ఉన్నాడు. “మిషన్ అన్నాక ఆగుతుంది లెండి” అన్నాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

“ఇక దాన్ని ఎక్కనంటున్నారు. నడవకపోతే ఎలా?” అంది టీచరమ్మ. బావనేమీ అనలేదు, నన్నే అడిగింది. “ఆ రోజు నీకు వినపడింది కదూ?”

నేను బావ వంక చూశాను.

“ఏం వినపడింది?” అన్నాడు బావ.

“కీచుమనడం. వినపడింది బావా.”

ఆయన పూర్తిగా నావైపు తిరిగాడు. “నా సంగతి నీకెప్పట్నుంచి తెలుసు?”

“నువ్వు పిడి కరవడం మొదలుపెట్టిన కొన్నాళ్లకే అనుమానం వచ్చింది.”

చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు వంక చూసుకున్నాడు. పిడి మీద రెండు వరసల పళ్లగాట్లున్నాయి. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన నేల మీద కూర్చుని ముందు రోలరు విప్పాడు. కొత్త బేరింగు వేశాడు. మిషన్ నడిపించి, పిడి కరవకుండా పక్కకు జరిగాడు.

“నువ్వు విను” అన్నాడు.

వంగి విన్నాను. ముందువైపు చప్పుడు లేదు. బావ కళ్లు నా పెదాల మీదున్నాయి. పెద్దాయన సోఫాలోంచి లేచి, గోడ పట్టుకుని, ఎక్కనా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. బాగుందంటే అందరి మనసూ కుదుటపడేది. కానీ వెనకవైపు నుంచి సన్నగా, అలాంటిదే ఇంకో కీచు.

“ఇంకా ఉంది బావా. వెనక రోలరు” అన్నాను.

“వినపడలేదు. గట్టిగా చెప్పు” అన్నాడు.

అందరి ముందూ గట్టిగా చెప్పాను.