ఇల్లటం పోయిన దేశాలు

2023 వేసవి. అనంతపురంలో ఎరువుల అంగడి పైన ఒక గది, అదే మా ఆఫీసు. నా పని ప్రాజెక్ట్ రిపోర్టులు రాయడం. ఎవరైనా చిన్న పరిశ్రమ పెట్టాలంటే బ్యాంకు మొదట అడిగేది ఆ రిపోర్టే. ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది, తయారైంది ఎవరు కొంటారు, చివరికి నిలబడుతుందా లేదా అన్నవి అందులో ఉండాలి. నా దగ్గరికి సలహా కోసం వచ్చేవాళ్లు తక్కువ. ముందే తీసుకున్న నిర్ణయానికి ముద్ర వేయించుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట.

ఓబుల్‌రెడ్డి కూడా అలాగే వచ్చారు. గార్లదిన్నె దగ్గరి రైతు, అరవై దాటిన మనిషి. చీనీ (బత్తాయి) తోట కొట్టేసి ఆ నేలంతా కిత్తనార నాటాలని, దానితో నాన్-వుడ్ పల్ప్ యూనిట్ పెట్టాలని ఆయన పట్టు. నాన్-వుడ్ పల్ప్ అంటే చెట్ల మానుల నుంచి కాకుండా గడ్డి, చెరకు పిప్పి, నార లాంటి వాటి నుంచి తీసే గుజ్జు. కాగితం మిల్లులు కొంటాయి. కలబందను పోలిన ఈ కిత్తనార మొక్కలు మా వైపు గట్ల మీద ఎవరూ నీళ్లు పోయకుండానే బతుకుతాయి కాబట్టి మొదట వినగానే బాగానే ఉందనిపించింది.

"కాపు మీదుండే తోట గదా పెద్దాయనా, కొట్టేసేదెందుకు?" అన్నాను.

"కాపేం కాపులేమ్మా! బోరు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. మా నాయన పెట్టిన తోట. కండ్ల ముందర ఎండిపోతాంటే చూసేకంటే కొట్టేసేదే మేలు. ఇది చూడు, దుడ్లుండే దేశాలోళ్లు ఎట్ల కొంటాండారో."

ఆయన నా ముందు పరిచింది యంత్రాలు అమ్మే ఏజెంటు ఇచ్చిన గ్రాఫ్. ధనిక దేశాల గుజ్జు దిగుమతులు ఒక గీత, పేద దేశాలవి ఇంకో గీత. ఏళ్లు గడిచేకొద్దీ మొదటిది పైకి, రెండోది కిందికి. ధనిక దేశాలు ఆవురావురుమంటున్నాయి, మనం సరుకు పంపడమే తరువాయి అన్నట్టుంది ఆ బొమ్మ. నార ఉడికించి కడగడానికి పట్టే నీళ్ల మాట మాత్రం ఏజెంటు ఎత్తనే లేదు.

నున్నటి గీతలంటే నాకు అనుమానం. దేశాలవారీగా ఇంపోర్ట్ డేటా, అంటే ఏ దేశం ఏ ఏడు ఎంత తెప్పించుకుందో చెప్పే లెక్కలు తీసుకుని కూర్చున్నాను. తవ్వగా తవ్వగా తిరకాసు బయటపడింది. దేశాలను ఆదాయాన్ని బట్టి ఇన్‌కమ్ గ్రూపులుగా విడదీస్తారు. ఆ జాబితా ఏటా మారుతుంది, ఏజెంటు గీతలు ఆ మారే జాబితాల మీదే గీసినవి. ఆదాయం పెరిగిన దేశం పేదల జాబితా వదిలి పై జాబితాకు వెళ్తుంది, తన దిగుమతులనూ వెంట తీసుకుపోతుంది. మొదటి ఏడు ఏ దేశం ఎక్కడుందో దాన్ని చివరిదాకా అక్కడే ఉంచి మళ్లీ గీశాను. రెండు గీతలూ దాదాపు చదునుగా వచ్చాయి. కొత్తగా కొనేవాళ్లు పెద్దగా ఎవరూ లేరు.

వారం తర్వాత ఆయన్ను పిలిచి ఇదంతా చెప్పాను. ఆయనకు ఎక్కలేదు.

"గీత పైకి పోయిండాది గదమ్మా. మల్ల కొనేవాళ్లు లేరంటావేంది?"

నోటికొచ్చిన పోలిక చెప్పాను. "ఒక ఇంట్లో అన్నదమ్ములు ఉండారనుకో. బాగా కష్టపడే తమ్ముడు కలిగినోళ్లింటికి ఇల్లటం పోయినాడు. ఈ ఇంటి రాబడి తగ్గె, ఆ ఇంటి రాబడి పెరిగె. భూమ్మీద ఒక్క గింజన్నా ఎక్కువ పండిందా?"

ఇల్లటమంటే అల్లుడు అత్తగారింటికే వచ్చి కొడుకులా సేద్యం చూసుకోవడం. మా సీమలో పాత ఆచారమే. అందుకే ఆ మాట నాకు సులువుగా వచ్చింది.

ఓబుల్‌రెడ్డి ముఖం మారిపోయింది. "మావోని సంగతి నీకెవురు చెప్పిరి?" అన్నారు.

నాకేమీ తెలియదన్నాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"నా తమ్ముడు శివారెడ్డి. కణేకల్‌కు ఇల్లటం పోయినాడు. ఆడ కాలవ నీళ్లు, వరి మళ్లు. వాడు పోయినంక ఆ ఇల్లు లేచె, మా ఇల్లు కుంగె. ఓబుల్‌రెడ్డి చేతగానోడు, నాయన పెట్టింది నిలబెట్టలేకపోయినాడు అని ఊరంతా అనిరి. నేనూ అదే అనుకుంటి. ఫ్యాక్టరీ పెట్టి అందరి నోర్లూ మూయించాల అనుకుంటి." నా వైపు తిరిగి అడిగారు. "అయితే నేను తగ్గలేదంటావా?"

"లేదు పెద్దాయనా. ఇంట్లో ఒక మనిషి తగ్గినాడు, అంతే."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. లెక్కలు చెప్పే బల్ల దగ్గర ఏడుపు నాకు అలవాటు లేదు.

యూనిట్ నిలబడదని రాసిచ్చాను. ఆయన తోట కొట్టలేదు. అప్పటినుంచి ఏ గీత లేచినా, ఏ గీత పడినా, ఎవరొచ్చి చేరారు, ఎవరు వదిలిపోయారు అని మొదట అడగడం నాకు అలవాటైంది. ఇండ్ల గురించి విన్నప్పుడూ అదే అడుగుతున్నాను.

మరుసటి ఏడు వేసవిలో ఓబుల్‌రెడ్డి వాళ్ల బోరు పూర్తిగా ఎండిపోయిందని తెలిసింది. తోట కొట్టకుండా ఆపింది నా రిపోర్టే కదా అని భయపడుతూ ఫోన్ చేశాను.

"సగం చెట్లు పోయినాయమ్మా. మిగిలినేటికి ట్యాంకరు తోలిస్తాండాం. నా తమ్ముడు వచ్చిండాడు. పాదులకు వాడే పోస్తాండాడు, నన్ను పైపు ముట్టనిచ్చేది లే. ఎన్ని బతుకుతాయో తెల్దు. బతికినేటిని ఏ ఇంటి లెక్కలో రాసుకుంటావో రాసుకో."