రేడియేటర్‌కు కోడిగుడ్ల వైద్యం

మా నాన్న కారు మా మరిది ఎరాస్మో చేతికి వెళ్ళడం మా ఇంటికి పట్టిన దరిద్రం. ఈ మాట మా ఊరు బరకోవాలో ఎవరి ముందైనా అంటాను. అతని ముందే అన్నాను కూడా. పళ్ళికిలించాడు. సిగ్గున్నవాడికైతే మాట తగులుతుంది, ఇతనికేం తగులుతుంది?

అది యాభై రెండో సంవత్సరం నాటి అమెరికా కారు. ఊళ్ళో అందరూ పాత ఇంజన్లు పీకేసి డీజిల్ ఇంజన్లు తగిలించుకున్నారు గానీ, మా నాన్న మాత్రం ఒక్క బోల్టు కూడా మార్చనివ్వలేదు. పోయేముందు దాన్ని మా చెల్లెలు ఒడాలిస్‌కి రాసిచ్చాడు. అది నడిపి బతకమని ఆయన ఉద్దేశం. నడిపేది మొగుడే కదా! ఎరాస్మో తెల్ల టోపీ పెట్టుకుని, మోచెయ్యి కిటికీ మీద ఆన్చి, సముద్రం గట్టున జనాన్ని ఎక్కించుకుని తిప్పేవాడు.

మా ఊళ్ళో ఒక పాడు అలవాటుంది. బండికి అసలైన విడిభాగాలు దొరకవు కనుక, దొరికిందేదో పెట్టి బండి నడిపించినవాణ్ణి నెత్తిన పెట్టుకుంటారు. గత్యంతరం లేక ఒక రోజు చేస్తే అది తెలివే. అదే పనిని ఏళ్ళ తరబడి చేస్తే బద్ధకం. ఆ తేడా మా జనానికి పట్టదు, చప్పట్లు కొట్టేస్తారు. ఎరాస్మో ఆ చప్పట్లు తినే బతికాడు.

మొదటిసారి రేడియేటర్ కారినప్పుడు బండి నిండా జనం ఉన్నారు. ఎవరి బుట్టలోంచో కోడిగుడ్డు తీసుకుని, పగలగొట్టి తెల్లసొన అందులో పోశాడు. ఆ వేడికి సొన ఉడికి గట్టిపడి, చిల్లు మూసుకుంది. "అబ్బ, ఏం బుర్రరా నీది!" అన్నారు జనం. అంతే, ఇక పట్టపగ్గాలు లేవు. కారినప్పుడల్లా గుడ్డు. గుడ్డు దొరక్కపోతే మిరియాల పొడి, మొక్కజొన్న పిండి, చివరికి నలిపిన చుట్ట పొగాకు. మా అత్తగారి చిక్కుడుగింజల పులుసు కూడా ఆ నీళ్ళకంటే పల్చగా ఉండేది. అదంతా లోపలి సన్నగొట్టాల్లో పేరుకుపోయి, బండి ఎండపూట వగర్చడం మొదలుపెట్టింది. దానికి ఈ మహానుభావుడు చేసిన చికిత్స ఏమిటంటే, వేడి చూపించే ముల్లు తీగ తెంపేశాడు.

"ముల్లు చూసి జనం భయపడుతున్నారు వదినా," అన్నాడు.

"జనమా, నువ్వా?" అన్నాను.

నది పక్క వీధిలో రేడియేటర్లు బాగుచేసే ముసలి లిబోరియో ఉన్నాడు. మా నాన్నకు స్నేహితుడు. ఒకరోజు బండి మూత ఎత్తించి, లోపలికి వేలు పెట్టి వాసన చూసి మొహం చిట్లించాడు.

"దింపి నాకియ్యరా. కాస్టిక్ సోడాలో నానబెట్టి, గొట్టాల్లో సన్నకమ్మీ దూర్చి అంతా కక్కిస్తా. రెండు రోజుల పని."

"నా బండి ఇంతవరకూ ఆస్పత్రి గడప తొక్కలేదు మావా!"

"తొక్కదులే. తిన్నగా శ్మశానానికే పోద్ది."

ఎరాస్మో పగలబడి నవ్వాడు. ఆ మాటను తనకిచ్చిన బిరుదులాగా ఊరంతా చెప్పుకున్నాడు.

తర్వాత తుఫాను వచ్చింది. ఒడాలిస్ ఇంటి కప్పు రేకు మిగలకుండా ఎగిరిపోయింది. నా ఇల్లు సగం మిగిలింది. ఏడాదిపాటు నా చెల్లెలు టార్పాలిన్ కింద కాపురం చేసింది. రెండో ఏడు వానలు దగ్గరపడుతుంటే ఇక తెగించి, "కారు అమ్మేస్తున్నా. కప్పు వేయించుకుంటా," అంది. ఒల్గిన్ పట్నం నుంచి డాగొబెర్తో అనే ఆయన వస్తానన్నాడు. విదేశీయులను తిప్పడానికి పాత ఇంజనుతోనే ఉన్న కారు కావాలట. అలాంటివి ఎక్కడా దొరకడం లేదట. మా నాన్న పట్టుదల ఇన్నాళ్ళకు పనికొచ్చిందని నేను ఎంత మురిసిపోయానో!

"రెండ్రోజులు లిబోరియో మావకి ఇవ్వు. నీకు దండం పెడతా," అని ఒడాలిస్ మొగుణ్ణి బతిమాలింది.

"నువ్వు కంగారుపడకు. నేను చూసుకుంటాగా," అన్నాడు. ఏం చూసుకున్నాడు? ఆ రెండు రోజులూ పళ్ళపేస్టుతో బంపర్లు తోమాడు. ఆయన వచ్చే పొద్దున ఇంకో రెండు గుడ్లు లోపల పోశాడు. పైన పటారం, లోన లొటారం.

డాగొబెర్తో మంచి మనిషి. ఎరాస్మో నడుపుతుంటే, మేమిద్దరం వెనకసీట్లో ఉండగా, సముద్రం గట్టున ఒక చుట్టు తిరిగి, ఇంజను చప్పుడు విని, తల ఊపాడు. "నచ్చిందమ్మా. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అని ఒడాలిస్‌తోనే అన్నాడు. నా చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్కడితో అయిపోవాలి కదా! ఎవరూ అడగలేదు, ఎవరికీ అక్కర్లేదు. అయినా మా మరిది నోరు ఊరుకుంటే కదా.

"ఇదేం చూడడం అన్నా! ఫరోలా కొండ ఎక్కిస్తా, అప్పుడు చూడు దీని దమ్ము!"

"వద్దులే, చాలు," అన్నాడాయన.

"వద్దయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటా," అంది ఒడాలిస్. అప్పటికే బండి కొండదారి పట్టింది.

నాలుగు మలుపులు తిరిగేసరికి కమ్మటి వాసన మొదలైంది. డాగొబెర్తో కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎవరింట్లోనో గుడ్డట్టు వేస్తున్నట్టున్నారే," అన్నాడు.

"ఈ కొండమీద ఇళ్ళెక్కడివి నాయనా? అది మా బండే," అన్నాను. ఒళ్ళు మండిపోయింది మరి.

ఇంకో మలుపులో ముందంతా ఆవిరి కమ్మేసింది. ఊట నీళ్ళు కారే చోట బండి ఆగింది. డాగొబెర్తో దిగి, "ఏమీ ముట్టుకోకు. దానంతటదే చల్లారనీ," అన్నాడు. అప్పుడే అరటిగెలలతో ఒక లారీ వచ్చి ఆగింది. అందులోని జనం తొంగిచూశారు. చూసేవాళ్ళున్నాక ఎరాస్మో ఆగుతాడా? చొక్కా విప్పి చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పాడు. పులుసంతా ఆకాశానికి ఎగజిమ్మింది. లారీ జనం ఈలలు వేశారు. వాడికి ఇంకా ఊపొచ్చింది. మంచులాంటి ఊటనీళ్ళు బకెట్ నిండా పట్టుకొచ్చి, కాలిపోతున్న ఇంజనులో ఒక్కసారిగా కుమ్మరించాడు.

"టక్" మని చిన్న చప్పుడైంది. ఇంజను పక్కన ఇనుములోంచి నీళ్ళు చెమటలాగా ఊరడం మొదలైంది.

"ఇనుము చీలింది," అన్నాడు డాగొబెర్తో.

"చీలితే ఏంటి? అతుకేస్తా, సబ్బూ సిమెంటూ కలిపి..."

"నాకు కావాల్సింది ఆ ఇంజనేనయ్యా." ఒడాలిస్ వైపు చూడలేక నేలచూపులు చూస్తూ, "క్షమించమ్మా," అన్నాడు. వెళ్ళి లారీ ఎక్కాడు.

ఒడాలిస్ తిన్నగా వెళ్ళి లారీ ఎక్కింది. నన్ను కూడా లారీ ఎక్కమంది. ఎరాస్మో వెనకాలే రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఇక్కడే ఉండు. వదిలేసి వస్తే తెల్లారేసరికి చక్రాలు కూడా మిగలవు. కాపలా కాసుకో."

"మరి నేను ఇంటికెప్పుడు రావాలే?"

"అది నడిచినప్పుడు."

బండిని లాక్కురావడానికి ట్రాక్టరు దొరికితే డీజిలు లేదు, డీజిలు దొరికితే ట్రాక్టరు లేదు. ఎరాస్మో కారులోనే మకాం పెట్టాడు. దారిన పోయే లారీవాళ్ళు ఆపి కబుర్లు చెప్పి, అరటిపళ్ళు ఇచ్చి పోతున్నారట. అక్కడా చప్పట్లే దొరికాయి వెధవకి.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. నా చెల్లెలి టార్పాలిన్ నిలువునా చిరిగింది. మంచం ఎటు జరిపినా కారుతూనే ఉంది. నా సగం కప్పు కిందికి లాక్కొచ్చాను. అక్కడా జల్లే. రాత్రంతా అది దగ్గుతూనే ఉండేది. అయినా ఒకరోజు పొయ్యి మీద గొడుగు పట్టించుకుని, దగ్గుతూనే అన్నం, చిక్కుడుగింజలు వండింది. "పట్టుకెళ్ళక్కా. ఆకలితో చస్తే ఆ పాపం నాకెందుకు?" అంది.

వద్దని తిట్టాను. ఆఖరికి నేనే పట్టుకెళ్ళాను. లారీ దిగేసరికి జోరువాన. తల నుంచి పాదాల దాకా తడిసి, కిటికీ అద్దం మీద కొట్టాను. ఎరాస్మో వెనకసీట్లో కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. చొక్కా పొడిగా ఉంది, జుట్టు పొడిగా ఉంది. లేచి అద్దం రెండు వేళ్ళంత కిందికి దించి, ఆనందంగా నవ్వాడు.

"చూశావా వదినా! ఇంత వానలో లోపలికి ఒక్క చుక్క రాలేదు. పాత సరుకంటే ఇదీ!"

నా చెల్లెలు వండిన అన్నం గిన్నెను ఆ కారు కప్పు మీద బోర్లించి వచ్చేశాను.