భ్రమరాంబ టీచరు కాగితాలు

పోయిన నెలలో మా గ్రంథాలయానికి రెండు రేకు పెట్టెలు వచ్చాయి. మూత తీయగానే పాత కాగితం వాసన కంటే ముందు, మైలుతుత్తం కలిపి ఉడికించిన మైదా జిగురు వాసన ముక్కుకు తగిలింది. చేతులకు తొడుగులు వేసుకోవటం కూడా మరిచి అక్కడే నిలబడిపోయాను. రచయితలు వదిలిపోయిన రాతప్రతులు, ఉత్తరాలు, డైరీలు శుభ్రం చేసి, జాబితా రాసి, పాడుకాకుండా భద్రపరిచే విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను. ఎన్నో పెట్టెలు తెరిచాను, ఎన్నో వాసనలు చూశాను. కానీ ఈ పెట్టెలు భ్రమరాంబ టీచరువి. ఆ జిగురు మా నాయన ఉడికించింది.

మాది నరసరావుపేట. కోర్టుకు పోయే దారిలో మా ఇల్లు, ముందు గదిలో బైండింగ్ దుకాణం, వెనక గదిలో కాపురం. కోర్టు రిజిస్టర్లు, బడుల హాజరు పుస్తకాలు, ఎవరింట్లోనో అట్ట ఊడిన భారతం, మసీదు నుంచి వచ్చిన ఖురాను అన్నీ ఒకే బల్ల మీద పక్కపక్కన ఆరుతూ ఉండేవి. పొద్దున్నే అమ్మ అన్నం దింపగానే అదే సెగ మీద నాయన జిగురు గిన్నె ఎక్కించేవాడు. పిండి తెల్లగా ఉడికి బుడగలు వచ్చాక, నీలం రాయిలా ఉండే మైలుతుత్తాన్ని నలిపి అందులో వేసేవాడు, పురుగు పట్టకుండా. "చెయ్యి నోట్లో పెట్టమాకే మీరాబీ, చచ్చిపోతావు" అని రోజూ చెప్పేవాడు. రోజూ చెప్పటం వల్ల ఆ మాటకు నేను భయపడటం మానేశాను.

మాఘం దాటితే చాలు, మిరపకాయ బస్తాల లారీలు మా వీధిలోంచి పోయేవి, అవి పోయిన అరగంట దాకా ఇంటింటా దగ్గులే. కోటప్పకొండ తిరునాళ్లకు బళ్ల మీద ఎత్తైన ప్రభలు కదిలే రోజుల్లో నాయన దుకాణం మూసి మమ్మల్ని తీసుకుపోయేవాడు, దుమ్ము కొట్టుకుపోయిన ముఖాలతో, చెరుకు గడలు భుజాన వేసుకుని తిరిగి వచ్చేవాళ్లం. ఎండాకాలం మధ్యాహ్నాలు నాపరాళ్ల అరుగు మీద కాలు పెట్టలేక, గడపకు ఇవతలే కూర్చుని, పుస్తకాల అంచులు కోయగా పడిన సన్నటి కాగితం పేలికలతో నేనూ పక్కింటి పిల్లలూ జడలు అల్లుకునేవాళ్లం. పీర్లపండక్కి మిరియాల పానకం, రంజాన్‌కు సేమ్యా పాయసం, వానాకాలం జిగురు ఆరక రెక్కలు విప్పిన కోళ్లలాగా బల్ల నిండా తెరిచి పెట్టిన పుస్తకాలు. ఆ రోజుల్లో కాలం నాకు అట్లా గుర్తు.

భ్రమరాంబ టీచరు ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పేది. మాకు రెండు వీధుల అవతల ఒక గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేది. ఎందుకు ఒంటరిగా ఉందో మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. గంజి పెట్టిన నేత చీర, ఎండైనా వానైనా చేతిలో గొడుగు, కొంగున కట్టుకున్న ముక్కుపొడి డబ్బీ. పిల్లల ముందు పొడి పీల్చటం బాగుండదని మా దుకాణంలో అలమర చాటుకు వెళ్లి పీల్చేది, ఆ తరువాత వచ్చే తుమ్ములు మాత్రం వీధి చివరి దాకా వినపడేవి. ఆమె రాసిన నవలలు వారపత్రికల్లో వచ్చేవని, ఎక్కడెక్కడి ఆడవాళ్లో ఆమెకు ఉత్తరాలు రాసేవాళ్లని నాయన ఎంతో గొప్పగా అందరికీ చెప్పేవాడు. కాగితం దండగ చేయటం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. దిద్దిన పరీక్ష పేపర్లు తిరగేసి వెనక వైపు రాసేది. అందుకని ఆమె నవల ఏది తిరగేసినా రెండో పక్కన ఏదో ఒక ఆడపిల్ల రాసిన సంధులూ సమాసాలూ, వాటి మీద టీచరు ఎర్ర సిరా గీతలూ ఉండేవి.

ఏడాదికి ఒకసారి, వేసవి సెలవులు ఇవ్వగానే, ఆ ఏడాది వచ్చిన ఉత్తరాలన్నీ సంచిలో వేసుకుని మా దుకాణానికి వచ్చేది.

"ఉత్తరాలు బైండు చేయించేదాన్ని నిన్నే చూశా టీచరమ్మా" అని నాయన నవ్వేవాడు.

"నేను రాసినయ్యి పత్రికల వాళ్లే దాస్తారు మస్తానూ. వీళ్లు రాసినయ్యి నేను దాచకపోతే ఎవరు దాస్తారు?" అనేది ఆమె.

కుట్టుపని అయ్యేదాకా బల్ల పక్కనే కూర్చుని ఒక్కో ఉత్తరం తీసి నా చేత చదివించేది. మొగుడికి తెలియకుండా బియ్యం డబ్బాలో పత్రిక దాచుకుని చదివే ఆమె, కూతురికి నవల్లో అమ్మాయి పేరు పెట్టుకున్న ఆమె, ఇంకేమీ రాయకుండా "మీరు బాగుండాలి" అని మాత్రం రాసిన ఆమె. ఒత్తులు పలకటం నేను బళ్లో నేర్చుకోలేదు, ఆ ఉత్తరాల దగ్గర నేర్చుకున్నాను.

నాకు పదేళ్లప్పుడు ఒకసారి వేసవి కాకుండానే వచ్చింది. సంచిలో ఉత్తరాలు లేవు, నాలుగు వందల పేజీల దాకా ఉన్న రాతప్రతి ఉంది. పై కాగితం ఖాళీగా ఉంటే, పేరేమని రాయాలని నాయన అడిగాడు. "ఇంకా పెట్టలా" అంది. గొంతు తగ్గించి, "నేను వచ్చి అడిగితే తప్ప ఎవరికీ ఇయ్యమాక. ఇంట్లో ఉంచుకోలేక నీ దగ్గరికి తెచ్చా" అంది. తరువాత అమ్మా నాయనా మాట్లాడుకుంటుంటే విన్నాను. గురజాల అవతల టీచరు పుట్టిన ఊళ్లో పార్టీ తగాదాల్లో ఒక మనిషిని నరికి చంపారు. ఆ కేసులో ముద్దాయి టీచరు సొంత అన్న. కేసు ఇంకా కోర్టులో నడుస్తోంది. ఆమె రాసిన నవల చచ్చిపోయినతని భార్య గురించి.

పది రోజులకు, నాయన రిజిస్టర్లు ఇవ్వటానికి కోర్టుకు పోయిన వేళ, పొడుగాటి మనిషి ఒకాయన మా గడప ముందు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. తెల్లటి పంచె, భుజాన తువ్వాలు. అమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతోంది.

"ఏమ్మా, మా చెల్లెలు భ్రమరాంబ ఇక్కడ పుస్తకం ఇచ్చిందంటగా. తీసకరమ్మంది" అన్నాడు.

ఎంతో నెమ్మదిగా అడిగాడు. టీచరు ముక్కే ఆయన ముక్కు, ఆమె కళ్లే ఆయన కళ్లు. టీచరు చెప్పిన మాట నాకు గుర్తు లేక కాదు. ఆమెలాగే ఉన్న మనిషిని ఆమె కాదని ఎట్లా అనుకోవాలో నాకు తెలియలేదు. పైగా పెద్దవాళ్లు నన్ను ఒక పని అడగటం నాకు గర్వంగా ఉంది. జిగురు ఆరటానికి బిగించిన చెక్కల మధ్య నుంచి ఆ రాతప్రతిని నేనే విప్పి, నేనే దుమ్ము తుడిచి, రెండు చేతులతో అందించాను. "బంగారు తల్లివి" అని నా తల నిమిరి వెళ్లిపోయాడు.

నాయన వచ్చి విని, నన్ను ఒక్క దెబ్బ కూడా వేయలేదు. చొక్కా మార్చుకుని, నా చెయ్యి పట్టుకుని, ఆ మధ్యాహ్నపు ఎండలో టీచరు గదికి నడిపించుకుపోయాడు. ఆమె గోరుచిక్కుడు కాయలు తుంచుతోంది. నాయన చెప్పినంతసేపూ తుంచుతూనే ఉంది. చివరికి చేట పక్కన పెట్టి, "పిల్లనేం అనమాక మస్తానూ. వాడు అడిగితే మా అమ్మయినా ఇచ్చేదే" అంది.

"మళ్లీ రాయకూడదా టీచరమ్మా?" అన్నాడు నాయన.

"ఏడ్చిన ఏడుపే మళ్లీ ఏడవమంటే ఎట్టా?" అంది.

ఆ తరువాత ఆమె మాచర్లకు బదిలీ చేయించుకుంది. నవలలు రాయలేదు. బళ్లో వేసే నాటికలు నాలుగైదు రాసిందని విన్నాం. వేసవి సెలవులు ఇవ్వగానే నాయన కొన్నేళ్ల పాటు వీధి వైపు చూస్తూ ఉండేవాడు. ఆమె రాలేదు. నేను ఒక ఉత్తరం రాయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను, "క్షమించండి" అనే మాట తరువాత ఏం రాయాలో తోచక చింపేశాను. ఆమె పోయిందన్న సంగతి కూడా పేపర్లో రెండు వాక్యాలు చూసి తెలుసుకున్నాను.

పెట్టెలు తెచ్చింది ఆమె అన్న కూతురు పద్మ. యాభై దాటిన మనిషి, చిలకలూరిపేటలో మిల్లు ఆఫీసులో పనిచేస్తోందట. అత్తకు ఎవరూ లేరని, గది ఖాళీ చేస్తూ పారెయ్యబుద్ధి కాక తెచ్చానని చెప్పింది. ఉత్తరాల సంపుటాలకు నాయన వేసిన కుట్లు ఒక్కటీ వదులు కాలేదు. నవలల్లో రెండింటికి మాత్రమే రాతప్రతులు మిగిలాయి, వాటి అంచులు చెద తినేసింది. తుప్పు పట్టిన గుండుసూదులు తీసి, మెత్తటి కుంచెతో పేజీ పేజీ తుడిచి, పలచటి కాగితంతో చిరుగులు అతికాను. వారం రోజులు పట్టింది. ఆ పేరు లేని నవల గురించి ఎక్కడా ఒక ముక్క లేదు. డైరీల్లో కూడా ఆ ఏడాది ఖాళీ.

సంతకాలకు పద్మ మళ్లీ వచ్చినప్పుడు, ఎదురుగా కూర్చోబెట్టి, నేనెవరో, ఏం చేశానో చెప్పాను. ఆమె సంతకం చేయబోతున్న కలానికి మూత పెట్టి బల్ల మీద ఉంచింది. తరువాత, "నాన్నకు అక్షరం ముక్క రాదండీ" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఇంటికి తెచ్చాక నా చేత చదివించాడు. నాకు అప్పుడు పదకొండేళ్లు. మధ్యాహ్నం అన్నాలయ్యాక తలుపేసి కూర్చునేవాళ్లం. చానా రోజులు చదివా. ఆయన గోడ వైపు తిరిగి పడుకుని వినేవాడు. ఒకచోట, ఆ చనిపోయినాయన భార్య తువ్వాలు ఉతుకుతుంటది, ఎంత ఉతికినా నీళ్లు ఎర్రగానే పోతుంటయ్యి. అక్కడ 'ఆపు' అన్నాడు. చూస్తే ఏడుస్తన్నాడు. మర్నాడు మళ్లీ చదవమన్నాడు. ఆఖరి పేజీ దాకా విన్నాడు."

"తరువాత?"

"నీళ్ల పొయ్యిలో పెట్టమన్నాడు. నేనే పెట్టా. ఒక్కో కాగితం."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. ఆ కేసు కొట్టేశారట. ఆయన పోయి పదేళ్లయిందట. చనిపోయినతని భార్య ఎటు పోయిందో ఊళ్లో ఎవరికీ తెలియదట.

"ఎంతవరకు గుర్తుంటే అంత చెప్తారా?" అని అడిగాను. కాగితం ముందు పెట్టుకుని, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. మొదట వరసగానే చెప్పింది. ఆ భార్య పేరు రత్నమ్మ అనీ, ఆమెకు ఇద్దరు ఆడపిల్లలనీ, కబురు వచ్చేసరికి పప్పు రుబ్బుతోందనీ, విన్నాక కూడా ఆ వాయ పూర్తిచేసి చెయ్యి కడుక్కుని లేచిందనీ. తరువాత మాటలు తెగిపోవటం మొదలైంది. "అక్కడ చానా బాగుంటదండీ, కానీ మాటలు రావట్లా" అని రెండుసార్లు కళ్లు మూసుకుని కూర్చుంది. చివరికి తల అడ్డంగా ఊపి, బస్సు టైమైందని లేచింది. నవల మొత్తం విన్న మనిషి ఒకడు పోయాడు. చదివిన మనిషి ఈమె. నాలుగు వందల పేజీల్లో ఆమె దగ్గర మిగిలింది రెండు పేజీలు.

నరసరావుపేటలో మా దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. కోర్టు రికార్డులు కంప్యూటర్లోకి పోయాయి, బైండింగుకు ఎవరూ రారు. నాయన లేడు. నాకంటే చిన్నవాళ్లకు మైలుతుత్తం అంటే ఏమిటో చెప్పవలసి వస్తోంది.

ఆ సాయంత్రం జాబితాలో చివరి వరస రాశాను. నవల, పేరు పెట్టలేదు. రాతప్రతి లేదు. రచయిత్రి నమ్మి ఇచ్చిన చోట నుంచి మీరాబీ అనే పిల్ల తీసి ఇచ్చింది, పద్మ అనే పిల్ల చదివి పొయ్యిలో వేసింది, ఇద్దరూ పెద్దవాళ్లు అడిగారనే. ఇట్లాంటివి జాబితాలో రాయకూడదని మా పైఅధికారి అన్నారు. కొట్టేయనని చెప్పాను.

మేం కాగితాలు నిలబెట్టి దాచే అట్టపెట్టెలో అవి తక్కువైతే నిలబడవు, కిందికి జారి వంగిపోతాయి. అందుకని పద్మ చెప్పగా నేను రాసిన ఆ రెండు పేజీలు నిటారుగా ఉండటానికి, పెట్టెలో మిగిలిన జాగా నిండా తెల్లకాగితాలు సర్ది మూత పెట్టాను.