మా ఆయన మళ్లీ మడిలో దిగేదాకా

ఉభాల రోజు. మడి నిండా నీరు పెట్టి, నారుకట్టలు విసిరి, ఆడవాళ్లం నాట్లకు దిగాం. మా ఆయన మాత్రం గట్టు మీదే నిలబడిపోయాడు. ఒక కాలు ఎత్తి, మళ్లీ వెనక్కి పెట్టేశాడు. ముఖమంతా చెమట. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

"ఏటైనాది మావా?" అన్నాను. మా అమ్మకు తమ్ముడి వరస, పెళ్లికి ముందు నుంచీ అదే పిలుపు.

"నీల్లల్లో కాలెట్టలేకపోతన్నానే. గుండె దడదడలాడిపోతంది."

కోటబొమ్మాళి దగ్గర పల్లె మాది. ఊహ తెలిసినప్పటి నుంచి వరి పండించిన మనిషి ఆయన. అంతకు కొన్ని వారాల ముందు, జోరు వానలో ఒక బస్సు అదుపు తప్పి మా పొలం పక్క పెద్ద కాలువలో పడింది. పొలంలో ఉన్న ఆయన అందరికంటే ముందు దూకాడు. అద్దం పగలగొట్టి ఒక్కొక్కరినీ గట్టుకు చేర్చాడు. కొందరు బతికారు, కొందరు బతకలేదు. ఊరివాళ్లు సభ పెట్టి దండ వేశారు. ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా పడుకున్నాడు. అలసట అనుకున్నాను.

గట్టు మీద అలా అయ్యాక ఊళ్లో ఆరెంపీ గ్యాస్ అన్నాడు. నరసన్నపేటలో ఈసీజీ తీశారు. శ్రీకాకుళంలో ఎకో, రక్తపరీక్షలు చేశారు. అన్నీ నార్మల్. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన ముఖం ఇంకా వాడిపోయేది.

"నాకేటీ నేదంతన్నారు. మరి నానెందుకిలగైపోతన్నాను?" అంటూ ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

ఇంట్లో తల మీద నీళ్లు పోసుకోవడం మానేశాడు. వాన చప్పుడైతే లేచి గుమ్మంలో నిలబడేవాడు. టీ కొట్టుకు వెళ్లడమూ మానుకున్నాడు. అక్కడ కనబడినవాళ్లందరూ "ఎలగ తీసినావో సెప్పు" అనేవారు మరి.

చివరికి గుండె డాక్టరే నాతో, "ఇది గుండె జబ్బు కాదమ్మా. సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి" అన్నారు. ఊళ్లో ఏమనుకుంటారోనని కొన్నాళ్లు తాత్సారం చేశాను. ఆయన చిక్కి సగమయ్యాక ఇక ఆగలేదు.

ఓపీలో డాక్టరమ్మ మెల్లగా అడిగారు. "ఆ రోజు తలుచుకుంటే ముందుగా ఎవరు గుర్తొస్తారు?"

ఆయన నేలకేసి చూస్తూ చెప్పాడు. "ఒక ముసలాయన. ముందు నా ఆడమనిసిని తీసికెల్లు బాబూ అని ఆవిడ్ని నా సేతికిచ్చినాడు. గట్టున దింపి ఎనక్కెల్లేసరికి బస్సు ఇంకా ఒరిగిపోనాది. ఆయన మరి అవుపడనేదు."

పక్కనే ఉన్న నేను ఆ సంగతి వినడం అదే మొదటిసారి.

"దీన్ని పీటీఎస్‌డీ అంటారు. కాపాడినవాళ్లకూ వస్తుంది. ప్రమాదం అయిపోయిందని మీ శరీరానికి ఇంకా తెలియలేదు, అంతే. టాబ్లెట్ పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మీ అంతట మీరు ఆపకండి. కౌన్సెలింగ్‌కి కూడా రావాలి" అన్నారు డాక్టరమ్మ.

కాస్త నిద్ర పట్టడం మొదలైంది. అంతలో చుట్టం ఒకాయన వచ్చి "పిచ్చిమందులేటి, మనిసి మొద్దుబారిపోతాడు" అన్నాడు. మా ఆయన నాకు చెప్పకుండా మాత్రలు మానేశాడు. తర్వాత తుపాను హెచ్చరికలు మైకులో వినబడిన రోజు గది మూల కూర్చుని వణికిపోయాడు. మళ్లీ ఆస్పత్రికి పరుగెత్తాం. డాక్టరమ్మ కోప్పడలేదు. "మళ్లీ మొదలుపెడదాం" అన్నారు.

ఆ ముసలావిడది ఆమదాలవలస అని, వాళ్లకు కిరాణా కొట్టు ఉందని ఈలోగా తెలిసింది. ఒకసారి చూసి వెళ్తానని ఆవిడ కబురు పెడితే మా ఆయన వద్దన్నాడు. బలవంతపెట్టొద్దన్నారు డాక్టరమ్మ. కొన్ని నెలలు పోయాక ఆయనే "రమ్మను" అన్నాడు. ఆయన బాధేమిటో ఆవిడకు ఫోనులో ముందే చెప్పాను.

ఆవిడ రైలు దిగి, ఆటోలో మా ఇంటికి వచ్చారు. ఆయన తలెత్తలేదు. ఆవిడ చాప మీద ఆయన పక్కనే కూర్చున్నారు.

"మా ఆయన్ని నువ్వొగ్గేసినావని బాధపడతన్నావంట. నన్ను నీ సేతిలో ఎట్టింది ఆయనే. నువ్వు ఆయన సెప్పిన పనే సేసినావు నాయనా." ఆయన వైపు తిరిగి అడిగారు. "ఇంకేటైనా అన్నాడా ఆయన?"

"దానికి సలెక్కువ, గట్టెక్కినాక ఏదైనా కప్పు బాబూ అన్నారమ్మా. నా తువ్వాలే కప్పినాను."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన కూడా ఏడ్చాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురం కలిసి భోంచేశాం.

ఆ ఒక్కరోజుతో నయమైపోలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు ముందు బేసిన్ నీళ్లలో కాళ్లు పెట్టించాను. తర్వాత నాతో గట్టు దాకా వచ్చాడు, ఆ తర్వాత మడి అంచు దాకా. ఈ ఏడు ఉభాలకు మడిలో దిగి, బురద దున్ని దమ్ము పట్టాడు. కాలువ వైపు ఇంకా వెళ్లడు, చుట్టూ తిరిగి వస్తాడు. మాత్రల డోసు తగ్గించారు. ఆమదాలవలస అమ్మ అప్పుడప్పుడు ఫోను చేసి, తిన్నావా అని అడుగుతారు.

మీ ఇంట్లో ఎవరైనా ఆపదలో నలుగురిని కాపాడి వచ్చాక తిండీ నిద్రా తప్పితే, ఈసీజీ నార్మల్ అన్నారని ఊరుకోకండి. సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. వాళ్లు ఒప్పుకుంటే, బయట బల్ల మీద ఆగకుండా మీరూ లోపలికి వెళ్లి పక్కన కూర్చోండి. ఆ ముసలాయన సంగతి మా ఆయన ఇంట్లో నాకు ఎప్పటికీ చెప్పేవాడు కాదు.