మడుగులో తెరిపించిన చెవి

నా కుడి చెవిలోంచి నెత్తురు వచ్చిన రోజున మా వాళ్ళు పండగ చేసుకున్నారు. నా జబ్బు మొదలైంది ఆ రోజే.

డెబ్బైల్లో సంగతి. మాది జగ్గయ్యపేట. ఎండాకాలం వచ్చి కృష్ణలో నీళ్ళు తగ్గి, తేటపడగానే మా మేనమామ కోటయ్య నలుగురిని వెంటేసుకుని ముక్త్యాల దిగువన ఉండే రాళ్ళ మడుగులకు బయలుదేరేవాడు. ఆ మడుగుల అడుగున రాళ్ళ కింద మనిషంత పొడవు వాలుగ చేపలు దాక్కుంటాయి. వల వేస్తే రాళ్ళకు తగులుకుని చిరిగిపోతుంది. అందుకని ఊపిరి బిగబట్టి మునిగి, ఈటెతో పొడవాలి. ఈటెకు ఒక మోకు కట్టి ఉంటుంది. మోకు రెండో కొస పడవలో ఉన్నవాళ్ళ చేతిలో ఉంటుంది. సముద్రంలో పెద్ద చేపల్ని ఇట్టాగే మునిగి పొడుస్తారని తర్వాత ఎవరో చెప్పారు. వాళ్ళ చెవుల సంగతి ఏమిటో నాకు తెలియదు. మా చెవుల సంగతి చెబుతాను.

లోతుకు పోయేకొద్దీ చెవులు నొప్పి పుడతాయి. మామూలు నొప్పి కాదు, మేకు దిగేసినట్టు ఉంటుంది. ఆ నొప్పికి తిరిగి పైకొచ్చేసేవాణ్ణి మా వాళ్ళు 'పచ్చి చెవోడు' అని ఏడిపించేవారు. నొప్పిని ఓర్చుకుని ఇంకా కిందికి పోతే ఒకచోట లోపల టప్‌మంటుంది. నెత్తురు వస్తుంది. అంతే, నొప్పి పోతుంది! దాన్నే 'చెవి తెరుచుకోవడం' అనేవారు. ఆ రోజు మామ నా చెవికి పసుపు అద్ది, "ఇవాళ్టికి మగాడివయ్యావురా" అని భుజం తట్టాడు. చేప తలకాయ పులుసు నాకే పెట్టారు. మా అమ్మ మాత్రం వంటింట్లోంచి ఇవతలికి రాలేదు.

అమ్మ ఎందుకు రాలేదో చెప్పాలి. మా నాన్న కూడా మామ దగ్గరే మునిగేవాడు. నా చిన్నప్పుడు ఒక వేసవిలో ఈటె పైకొచ్చింది, నాన్న రాలేదు. మర్నాడు దిగువన దొరికాడు. ఏటా చేపలకు దిగేముందు ఇంటి ఆడవాళ్ళు గంగమ్మకు పొంగలి పెట్టడం మా ఆచారం. ఆ ఏడు అమ్మ నెలసరికి బయట ఉండి పెట్టలేకపోయింది. "అందుకే గంగమ్మ పిలుచుకుంది" అన్నారు. ఆ మాట మొదట అన్నది మామే. సొంత చెల్లెల్ని! అప్పట్నించి బంతి భోజనాలకు కూడా అమ్మను పిలిచేవాళ్ళు కాదు. మొగుణ్ణి మింగిందని చాటుగా అనేవారు, ఎదురుగానూ అనేవారు.

కొన్నాళ్ళకు నా చెవి కారడం మొదలైంది. మొదట నీరులాగా, తర్వాత చీము. వాసనకు పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోశారు. దూది కుక్కారు. ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు చేశారు. దేనికీ తగ్గకపోతే అమ్మ నన్ను నందిగామలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

ఆయన లైటు వేసి చూసి, "పెర్ఫొరేషన్. కర్ణభేరికి చిల్లు పడింది. తడి తగలకుండా ఉంచితే దానంతటదే పూడొచ్చు. ఈలోపు నీళ్ళలో తల పెట్టావంటే నా దగ్గరికి రావద్దు" అన్నారు.

ఈ మాట మామకు చెబితే ఆయనకు కోపం వచ్చింది. "పూడటం ఏంట్రా? అంత కష్టపడి తెరిపించుకుంటే! పూడితే మళ్ళా పగలాలిగా? మూసుకోమనేవాడు కూడా డాక్టరేనా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నిజమే కదా అన్నట్టు తలలూపారు. నన్ను మళ్ళీ పడవెక్కించారు.

ఆ రోజు అడుగున నీళ్ళు బాగా చల్లగా ఉన్నాయి. రాతి కింద పెద్ద వాలుగ కనపడింది. ఈటె పొడిచాను, గట్టిగానే దిగింది. సరిగ్గా అప్పుడే చెవి లోపల చల్లగా ఏదో పాకింది. ఇక ఏం చెప్పను! ఏరంతా గిర్రున తిరిగింది. పైకి పోతున్నాననుకుని కాళ్ళు ఆడించాను. చేతికి ఇసుక తగిలింది. ఇటు కాదనుకుని తిరిగి ఈదాను, మళ్ళీ ఇసుకే. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ ఈదిన ఏట్లో నాకు పైకేదో కిందికేదో తెలియలేదు. చచ్చిపోతున్నానని తెలుసు, ఎటువైపు బతకాలో తెలియదు. చేతిలో ఉన్న ఈటె కర్ర వదల్లేదు. పైనున్నవాళ్ళు చేప కోసం మోకు లాగితే దాంతోపాటు నేనూ వచ్చాను.

చేపను ముందు పడవలోకి లాగారు. నన్ను తర్వాత లాగారు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పేటలో ఆ చేపను కర్రకు వేలాడదీసి ఊరేగించారట. నేను బండిలో పడుకుని కక్కుతూ ఉన్నాను. కళ్ళు తెరిస్తే ఇంటి వాసాలు తిరిగేవి.

తర్వాత జ్వరం వచ్చింది. చెవి వెనక వాచి ఎర్రగా పొంగింది. ఒకరోజు అమ్మ టీ ఇస్తే మూతి కుడిపక్క నుంచి కారిపోయింది. కుడి కన్ను మూతపడలేదు. అమ్మ నా మొహం చూసి ఒక్క అరుపు అరిచింది. అద్దం తెమ్మంటే తేలేదు.

నందిగామ డాక్టరు చూడగానే, "చీము మాస్టాయిడ్‌లోకి, అంటే చెవి వెనక ఎముకలోకి పాకింది. ఇంకా ఆలస్యం చేస్తే బ్రెయిన్‌కి ఎక్కుతుంది. ఇవాళే గుంటూరు పోండి" అన్నారు. బస్సులో అమ్మ ఒడిలో తల పెట్టుకుని వెళ్ళాను. గుంటూరు పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, ఇంజెక్షన్లు చేశారు, చెవి వెనక ఎముక తొలిచి ఆపరేషన్ చేశారు. చెవి డాక్టరమ్మ కట్టు మార్చేటప్పుడు దాపరికం లేకుండా చెప్పింది. "ప్రాణానికి భయం లేదు. కుడి చెవి మాత్రం ఇక వినపడదు. మొహాన్ని కదిలించే ఫేషియల్ నెర్వ్ నలిగింది, మొహం కొంత కుదురుకోవచ్చు."

నీళ్ళలో తల తిరిగిన సంగతి ఆవిడకు చెప్పాను. "అది వర్టిగో. చిల్లులోంచి చన్నీళ్ళు లోపలికి పోతే వస్తుంది. ఒడ్డున ఐతే కింద పడతావు. నీళ్ళలో ఐతే దారి తెలీక అక్కడే పోతావు" అంది. కట్టు చుడుతూ, "మీవాళ్ళలో ఇట్లా పైకి రానివాళ్ళు ఉన్నారా?" అని అడిగింది.

నేను అమ్మ వైపు చూశాను. "అమ్మా, నాన్నకు చెవి కారేదా?"

"కారేది. దిండు మీద రోజూ గుడ్డ మార్చేదాన్ని" అంది అమ్మ. అని, డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "ఐతే అమ్మా, నేను పొంగలి పెట్టకపోబట్టి కాదా?"

"పొంగలికీ చెవికీ ఏంటమ్మా సంబంధం?" అంది ఆవిడ విసుగ్గా. ఆవిడకేం తెలుసు పాపం!

అమ్మ ఆ వార్డులో అందరి ముందూ భోరుమని ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదని తర్వాత ఆమే చెప్పింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అన్నేళ్ళు ఒక మనిషిని కాల్చుకుతిన్నారే అని!

ఇంటికొచ్చాక కుట్ల దగ్గర మళ్ళీ చీము పట్టింది. కట్టు కోసం నందిగామకు తిరిగీ తిరిగీ వేసారిపోయాం. కన్ను మూతపడక రాత్రిళ్ళు గుడ్డ కట్టుకుని పడుకునేవాణ్ణి. ఎప్పటికో గాయం మానింది, మూతి కాస్త సర్దుకుంది. అప్పుడొచ్చాడు మామ. మంచం మీద కూర్చుని, అరటిపళ్ళు పెట్టి, తీరిగ్గా అన్నాడు.

"ఆ చెవి పోతే పోయింది లేరా. ఎడమది ఉందిగా. ఈ వేసవికి దాన్ని కూడా తెరిపిద్దాం."

నాకు మిగిలింది ఆ ఒక్క చెవే. అమ్మ గుమ్మంలో నిలబడి మెల్లగా ఏదో అంది. ఏళ్ళ తరబడి తగ్గించి మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు అట్టా ఐపోయింది. మామకు రెండు చెవులూ సగం పైగా పోయి చాలాకాలమైంది.

"ఏంటమ్మా? గట్టిగా చెప్పు, వినపళ్ళా" అన్నాడు.

అమ్మ గట్టిగా చెప్పింది. బజారంతా వినపడేట్టు చెప్పింది. "మా ఆయన్ని గంగమ్మ తీసుకుపోలా, అన్నయ్యా! ఆయన చెవి పగలగొట్టింది నువ్వు. పగిలిన చెవితో నీళ్ళలోకి తోసింది నువ్వు. పాపం నా నెత్తిన రుద్దింది కూడా నువ్వే. నా కొడుకు రెండో చెవి జోలికొస్తే ఈ గడప తొక్కొద్దు!"

అరుగుల మీది ఆడవాళ్ళంతా విన్నారు. మామ కూడా విన్నాడు. లేచి, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆయనేదో మారాడని రాయలేను. ఆ వేసవికే ఇంకొకరి చెవికి పసుపు అద్దాడు. అమ్మను మళ్ళీ భోజనానికి పిలిచినవాళ్ళు కూడా పెద్దగా లేరు. తప్పుగా అన్నామని ఒప్పుకోవడం కంటే పిలవకుండా ఉండటం వాళ్ళకు తేలిక.

ఇప్పుడు నేను పేటలో మిర్చి కొట్లో కాటా దగ్గర పని చేస్తున్నాను. నవ్వితే మొహం ఒక పక్కకు పోతుంది, అందుకని తక్కువ నవ్వుతాను. ఎవరన్నా పిలిస్తే ఎటునుంచో తెలియక చుట్టూ తిరిగి చూస్తాను. ఎడమ చెవి బాగుంది. తలస్నానానికి కూడా దూది పెట్టుకుంటాను.

ఏట్లో, చెరువుల్లో మునిగే పనివాళ్ళకు నేను చెప్పేది ఒకటే. చెవిలోంచి నెత్తురు వస్తే పసుపు వద్దు, నూనె వద్దు. డాక్టరుకు చూపించండి. చిల్లు పూడిందని ఆయన నోటితో చెప్పేదాకా నీళ్ళలో తల పెట్టకండి. అప్పటికీ ఎవరన్నా మునిగి పైకి రాకపోతే, వాళ్ళింటికి వెళ్ళి ఆ ఆడమనిషిని పొంగలి పెట్టావా అని అడగొద్దు. ఆయనకు చెవి కారేదా అని అడగండి.