సుజాతమ్మతో పరాచికాలు

సాదలి ఊళ్ళో పట్టుగూళ్ళు విడిపించే రోజంటే మాటలా? ఒక ఇంట్లో పురుగులు గూళ్ళు కట్టడం అయిందంటే చాలు, చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చి, ఆ గూళ్ళు అంటుకునుండే వెదురు తడికల, అంటే చంద్రికల, చుట్టూ కూర్చుంటారు. ఒక్కో గూడూ చేత్తో ఊడదీసి గంపలో వేస్తారు. నడుములు పడిపోయే ఆ పనిని నడిపించేది నోళ్ళే. ఎవరింట్లో పంటైతే ఆ ఇల్లాలిని ఆట పట్టించి తీరాల్సిందే, అది అక్కడి పద్ధతి. ఆమె కోపం తెచ్చుకోకూడదు, ఊరుకోనూ కూడదు. తిప్పి కొట్టాలి.

తిప్పి కొట్టడంలో సుజాతమ్మను మించినవాళ్ళు లేరు. అబ్బ, ఆ నవ్వు! పాల డెయిరీ దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా వినిపించేది. కొత్తగా కాపురానికొచ్చిన నేత్ర బెరుగ్గా ఓ మూలన కూర్చుంటే, "ఏమ్మే, మీ అత్త నీ నోటికి బీగం వేసి పంపించిందా?" అని మొదటి రోజే కదిలించింది. ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. అప్పటినుంచి ఆ గుంపులో మనిషైపోయింది. పదిమందీ ఒకరిని ఆట పట్టించారంటే ఆ మనిషి మనదని ఒప్పుకున్నట్టే. ఇది సుజాతమ్మకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

వానలకు ముందు ఆమె భర్త బయ్యప్ప గుండెపోటుతో పోయాడు. కర్మలన్నీ అయ్యాక, సుజాతమ్మ ఎప్పటిలాగే చెన్నమ్మ ఇంటికి గూళ్ళు విడిపించడానికి వెళ్ళింది. చెన్నమ్మ బయ్యప్పకు సొంత చెల్లెలు, ఆమెను ఆ ఊళ్ళోనే ఇచ్చారు. వాకిట్లో చెప్పులు విడుస్తుంటే లోపల అందరూ పగలబడి నవ్వుతున్నారు. ఆమె గడప దాటగానే ఆ నవ్వులు చప్పున ఆగిపోయాయి. నేత్ర లేచి చాప జరిపి, "కూర్చో అక్కా" అంది మెల్లగా. ఇక ఆ పూటంతా ఒక్కరు నోరు విప్పితే ఒట్టు.

పాపం, మంచికే చేశారు. దుఃఖంలో ఉన్న మనిషి ముందు ఇకిలించడం బాగుండదనుకున్నారు. సుజాతమ్మకు ఆ మంచితనంతోనే ఊపిరాడలేదు. వీధిలో ఎదురైనవాళ్ళూ అంతే, తిన్నావా, ఒళ్ళు జాగ్రత్త అని తప్పుకునేవాళ్ళు. బయ్యప్ప పేరెత్తడమే మానేశారు. మొగుడు పోతే పోయాడు, వీళ్ళంతా కూడా పోవాలా? అని మల్బరీ ఆకు కోస్తూ ఒంటరిగా మండిపడేది. నన్ను కూడా ఎగతాళి చెయ్యండే అని ఎవరినడుగుతుంది, ఏమని అడుగుతుంది?

చివరికి ఆమె ఇంటి పంటే విడిపించే రోజు వచ్చింది. ఈ రోజు కూడా వీళ్ళు తనను ఆట పట్టించకపోతే ఇక ఎప్పటికీ ఇంతే అనిపించింది ఆమెకు. అందరూ వచ్చారు, తలలు వంచుకుని గూళ్ళు ఊడదీస్తున్నారు. ఏదో ఒకటి అనాలని నేత్ర అంది: "ఈ తూరి పురుగులు శానా నిదానంగా కట్టినాయి గదా."

"నిదానం కాక ఇంకేమి?" చెన్నమ్మ పనిలో పడి అనేసింది. "ముందు మా అన్న గురకకు దడుసుకొని బిరబిరా గూట్లో దూరతాండె. ఇప్పుడు వాటికి ఎవరి భయం ఉండాది?"

అన్ని చేతులూ ఆగిపోయాయి. చెన్నమ్మ నాలుక కరుచుకుంది. సుజాతమ్మ ఆమెనే చూసింది.

"గురక సంగతి నువ్వు చెప్పల్ల! నువ్వు నిద్రపోతే మీ ఆయన చాప సంకన పెట్టుకొని మా పంచలోకి పారొస్తాడు గదే!"

ముందు నేత్ర నవ్వింది. తర్వాత ఇల్లంతా నవ్వింది. సుజాతమ్మ కడుపు పట్టుకుని నవ్వీ నవ్వీ, ఆ నవ్వులోనే వెక్కి వెక్కి ఏడ్చేసింది. చెన్నమ్మ పరుగున వచ్చి వాటేసుకుంది.

"తప్పైపోయింది వదినా."

"తప్పు యాడిది మే? ఇన్నాళ్ళూ మీరెవురూ ఆయన మాటే ఎత్తకపోతే, అట్లాంటి మనిషొకడు ఉన్నింది నాకొక్కదానికే తెలుసేమో అనిపిస్తాండె."

కొంగుతో ముఖం తుడుచుకుని ఇంకో చంద్రిక ముందుకు లాక్కుంది.

"చెప్పు చెన్నమ్మా. మీ అన్న గురించి ఇంకోటి చెప్పు."